పోలిక, సమానత, ఏకమనస్సు: ఆంగ్ల పదములు, తెలుగు బైబిలు పదములు

ఆంగ్ల వ్యాఖ్యానములు చదివి తెలుగులో ప్రసంగించు సేవకులకు ఒక ఇబ్బంది తరచుగా ఎదురగుచున్నది. సేమ్, సిమిలర్, ఈక్వల్, అగ్రీ అను నాలుగు మాటలు నాలుగు వేర్వేరు సంగతులను తెలుపుచుండగా, ప్రసంగవేదికపై అవన్నియు "ఒకటే" అను ఒక్క మాటలో కలిసిపోవుచున్నవి. వాటిని విడదీసి, తెలుగు బైబిలు ఏ పదములను ఎక్కడ మేలుగా వాడినదో, ఎక్కడ చదువరిని తికమకపెట్టుచున్నదో ఈ వ్యాసములో పరిశీలించుచున్నాము.

గుంటూరువారు ఉదాహరణ కొరకు దూరము పోనక్కరలేదు. బ్రాడీపేటలో 4వ లైను ఉన్నది, అరండల్‌పేటలోను 4వ లైను ఉన్నది. ఇవి సిమిలర్, అనగా ఒకదానినొకటి పోలినవి. సేమ్ అనుకొని బయలుదేరినవాడు ఇల్లు చేరడు. అన్నదమ్ములిద్దరికి చెరి ఐదు బస్తాల మిర్చి వచ్చినచో వాటాలు ఈక్వల్, బస్తాలు మాత్రము వేరు. యార్డులో కాటా చూపిన అంకెయు చీటీలోని అంకెయు సరిపోయినచో అవి అగ్రీ అయినవి. అంతమాత్రమున చీటీ కాటా కాదు.

సంఘచరిత్రలో ఈ తేడా చిన్నది కాదు. క్రీ.శ. 325లో నీకయ సభ, కుమారుడు తండ్రితో "హోమోఊసియోస్", అనగా ఒకే తత్త్వము గలవాడు అని ఒప్పుకొన్నది. తరువాతి దశాబ్దములలో కొందరు "హోమోఇఊసియోస్", అనగా పోలిన తత్త్వము గలవాడు అనుటకు మొగ్గుచూపిరి. గ్రీకులో ఒక్క అక్షరమే భేదము. సేమ్‌కును సిమిలర్‌కును ఉన్న దూరమంతయు ఆ అక్షరములో ఉన్నది. యేసు దేవునివంటివాడు అని అలవోకగా చెప్పువారు తెలియకయే రెండవ పక్షమున నిలుచుచున్నారు!

ఆదికాండము 1:26లో ఇమేజ్, లైక్‌నెస్ అను మాటలకు మనకు స్వరూపము, పోలికె అని ఉన్నవి. హెబ్రీలో సెలెమ్, దెమూత్. 2వ శతాబ్దపు ఐరేనియస్ మొదలుకొని పలువురు వీటిని రెండు వేర్వేరు వరములుగా విడదీసిరి. అయితే 5:3లో ఆదాము షేతును కనినప్పుడు అవే రెండు పదములు వరుస మారి వచ్చుచున్నవి. కావున ఆ జంటను విడదీసి సిద్ధాంతము కట్టుట బలహీనమని మా అభిప్రాయము. పసివానిని చూచి "అచ్చము తండ్రి పోలికే" అని మన ఇండ్లలో అనుమాట ఈ వచనమునకు ఎంతో దగ్గర.

అసలు చిక్కు స్వరూపము అను మాటతోనే. ఫిలిప్పీ 2:6లో గ్రీకు పదము మోర్ఫే, ఆంగ్లములో ఫారమ్. తెలుగులో అక్కడను స్వరూపమే. కొలొస్సీ 1:15లో ఎయికోన్ అను గ్రీకు పదము స్వరూపి అయినది, 3:10లో అదే పదము పోలిక అయినది. ఆదికాండపు మాటకు సరియైన జత కొలొస్సీలోనిది గాని ఫిలిప్పీలోనిది కాదు. తెలుగు మాత్రమే చదువు విశ్వాసికి ఈ సంగతి బోధకుడు చెప్పవలసినదే, అచ్చులో కనబడదు.

అంగీకారమును తెలుపు మాటలలో తెలుగు మిక్కిలి సంపన్నమైనది. 2 కొరింథీ 6:14–16లో పాత ఆంగ్ల అనువాదము ఫెలోషిప్, కమ్యూనియన్, కాంకర్డ్, పార్ట్, అగ్రిమెంట్ అని ఐదు మాటలు వాడినది. మన అనువాదకులు సాంగత్యము, పొత్తు, సంబంధము, పాలు, పొందిక అని ఐదింటికి ఐదు ఇచ్చిరి. అంతకు ముందున్న జోడు అను మాట కాడి క్రిందనుండి వచ్చినది, రైతుకు వివరింపనక్కరలేదు. పొందిక ఎంత చక్కని పదము! ఒక్క సంబంధము మాత్రము పలుచన. అక్కడి గ్రీకు మాట సుంఫోనేసిస్, అనగా స్వరములు కలియుట. మత్తయి 18:19లో దాని క్రియారూపమునే ఏకీభవించుట అనిరి, అది మేలు. స్వరములు కలియుటకు అవి ఒకే స్వరము కానక్కరలేదు గదా.

మన సంఘముల స్థితియు అట్టిదే. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు, 1927లో స్థాపితమైన ఆంధ్ర సువార్త లూథరన్ సంఘము అందులో చేరలేదు. అయినను 1964లో ఆంధ్ర క్రిస్టియన్ థియొలాజికల్ కాలేజీ స్థాపనలో ఈ ఇరువురును, బాప్తిస్టు, మెథడిస్టు సంఘములవారును కలిసి పాలుపొందిరి. దీనిని యూనిఫార్మిటీ అనజాలము, కాంకర్డ్ అనవచ్చును.

ఇక ఏకమనస్సు. సంఘ కమిటీలలో ఎవరైన లెక్క అడిగినప్పుడు, లేదా తీర్మానమునకు చేయి ఎత్తనప్పుడు, ఏకమనస్సు లేదని మందలించుట మేము పలుచోట్ల చూచితిమి. ఫిలిప్పీ 4:2లో యువొదియకును సుంటుకేకును పౌలు చెప్పిన ఈ మాటను పాత ఆంగ్ల అనువాదము సేమ్ మైండ్ అనగా, తరువాతివి కొన్ని అగ్రీ అన్నవి. గ్రీకులోని ఫ్రోనెయిన్ అను క్రియ 2:5లోను ఉన్నది. అక్కడ అది తన్ను తాను తగ్గించుకొనిన క్రీస్తు మనస్సును చూపుచున్నది. ఆ స్త్రీలిద్దరి తగవు ఏమిటో పౌలు వ్రాయలేదు, ఎవరి మాట నెగ్గవలెనో చెప్పలేదు. ఇద్దరినీ వేర్వేరుగా బతిమాలుకొనెను. వారికి సహాయము చేయుమని 4:3లో మరియొకనిని వేడుకొనెను.