గుండె ఎందుకు దడదడలాడుతుంది?

పిల్లలూ! మీరు బొల్లాపల్లి దగ్గర నల్లమల అడవి అంచున నడిచి వెళుతున్నారనుకోండి. పొదలో ఏదో కదిలింది. అది పామో, తొండో ఇంకా తెలియదు. కాని మీ గుండె అప్పుడే దడదడ కొట్టుకుంటున్నది. దానికి ఎవరు చెప్పారు?

మెదడు అపాయాన్ని పసిగట్టగానే నాడుల ద్వారా కబురు పంపుతుంది. మూత్రపిండాలపై టోపీలలాగా వున్న రెండు చిన్న గ్రంథులు ఆ కబురు అందుకుని, ఎడ్రినలిన్ అనే హార్మోనును రక్తంలోకి వదులుతాయి. రక్తంతోపాటు అది ఒళ్లంతా తిరుగుతుంది. అయినా, దానికి సరిపోయే గ్రాహకం వున్న కణాలే దాని మాట వింటాయి. తాళంచెవి ఎన్ని ఇళ్ల ముందు తిరిగినా, తన తాళాన్నే కదా తీసేది!

గుండె కణాలపై ముఖ్యంగా వుండేది బీటా-1 గ్రాహకం. ఎడ్రినలిన్ దాన్ని తాకగానే, కణం లోపల ఎ.టి.పి. అనే పదార్థం నుంచి మరొక చిన్న వార్తాహరుడు తయారవుతాడు. దానితో గుండె వేగం హెచ్చుతుంది. ఈ ఎ.టి.పి.ని 1929లో కండరాలలో కనుగొన్నవారిలో భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఒకరు.

మరి గ్రాహకం ఎలా వుండాలో నిర్ణయించేది ఏది? జన్యువు. అది తల్లినుంచి ఒకటి, తండ్రినుంచి ఒకటి మనకు వస్తుంది. బీటా-1 గ్రాహకం 477 పూసల దండ అనుకోండి. అందులో 389వ పూస కొందరికి ఆర్జినిన్, కొందరికి గ్లైసిన్. జన్యువులో ఒక్క అక్షరం తేడా, అంతే! ఆర్జినిన్ వున్న గ్రాహకం పిలుపుకు మరింత గట్టిగా పలుకుతుందని ప్రయోగాలలో తేలింది.

ఈ గ్రాహకం మెదడులో కూడా వున్నది. ఇదే జన్యువులో మరొకచోట అరుదైన మార్పు వున్న ఒక కుటుంబంవారు తక్కువ నిద్రతోనే హాయిగా వుంటున్నారని 2019లో అమెరికా శాస్త్రజ్ఞులు తెలిపారు. మీరు మాత్రం నిద్ర తగ్గించకండి!

ఇటువంటి గ్రాహకాల గుట్టు విప్పినందుకే రాబర్ట్ లెఫ్కోవిట్జ్, బ్రయన్ కోబిల్కాలకు 2012లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

నేను బడిలో పనిచేసే రోజులలో ఒక కుర్రవాడు పద్యం చదవడానికి లేచి, వణికిపోయి, చదవకుండానే కూర్చున్నాడు. "పిరికివాడా!" అన్నాను. అందరూ నవ్వారు. ఆ మాట అని వుండవలసింది కాదని తరువాత గ్రహించాను. గుండెదడ పిరికితనం కాదు. అది శరీరం మనకు చేసే సాయం. ఒకరికి ఎక్కువగాను, మరొకరికి తక్కువగాను వుంటుంది.

అయితే అంతా జన్యువుల చేతిలోనే లేదు. గుండెను నెమ్మదింపజేసే వేగస్ అనే నాడి కూడా మనకున్నది. ఊపిరి మెల్లగా, దీర్ఘంగా విడిచినప్పుడు అది తన పని చేస్తుంది. ఈసారి సభలో లేచేముందు ఐదుసార్లు అలా చేసి చూడండి.

తల్లిదండ్రులకు ఒక మాట: ఏ కారణమూ లేకుండా బిడ్డకు మాటిమాటికీ గుండెదడ వస్తుంటే వైద్యునికి చూపించండి. భయంవల్ల వస్తే మాత్రం నవ్వకండి, పక్కన నిలబడండి.