ముందు రెండు, వెనక ఒకటి

కోల్‌కతా శివారుల్లో సైకిల్ రిక్షా ఎక్కేవాళ్లకు ఈ సంగతి అనుభవమే. మలుపులో రిక్షావాలా బ్రేకు నొక్కితే లోపలివైపు వెనక చక్రం తేలిపోతున్నట్టు ఉంటుంది, మన ఒళ్లు దానంతటదే అటు ఒరుగుతుంది. ఇంజనీరింగ్ విద్యార్థులు పందేల కోసం కట్టే తొక్కుడు బండ్లను చూడండి. చాలావాటికి ముందు రెండు చక్రాలు, వెనక ఒకటి. అచ్చం రిక్షాను వెనక్కి తిప్పినట్టు. ఎందుకలా అని క్లాసులో ఒకమ్మాయి అడిగింది. అది బోర్డు నిండా గీయాల్సిన ప్రశ్న.

మూడు చక్రాలూ నేలకు ఆనే చోట్లను గీతలతో కలిపితే త్రిభుజం వస్తుంది. బండి బరువు కిందికి లాగుతుంది, మలుపు బయటికి తోస్తుంది, బ్రేకు ముందుకు నెడుతుంది. ఈ మూడింటి ఉమ్మడి దిశలో గరిమనాభి నుంచి గీసిన గీత త్రిభుజం లోపల నేలను తాకినంతసేపూ బండి నిలబడుతుంది. రిక్షా త్రిభుజం ముందుకు పోయేకొద్దీ సన్నబడుతుంది. మలుపులో బ్రేకు పడగానే ఆ గీత సరిగ్గా సన్నని కొస వైపే జరుగుతుంది. అదే త్రిభుజాన్ని తిప్పేస్తే, గీత ముందుకు జరిగేకొద్దీ చోటు పెరుగుతుంది.

మరి వేగం పెంచినప్పుడు గీత వెనక్కి పోదా, ఇప్పుడు సన్నని కొస అక్కడ లేదా? ఉంది. కానీ ఇది కాళ్లతో నడిచే బండి. మనిషీ బండీ కలిసి వంద కిలోలు అనుకుందాం. గట్టి కుర్రాడు 300 వాట్లు తొక్కుతూ సెకనుకు 5 మీటర్ల వేగంతో పోతుంటే, అతనికి దక్కే తోపు 60 న్యూటన్లు. గాలినీ రాపిడినీ పక్కన పెట్టినా త్వరణం సెకనుకు సెకనుకు 0.6 మీటర్లు మాత్రమే. ఇక బ్రేకు సంగతి. అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘం ఏఎస్ఎమ్ఈ నడిపిన పోటీల నిబంధన ప్రకారం గంటకు 25 కిలోమీటర్ల వేగం నుంచి 6 మీటర్లలో ఆగాలి. లెక్క కడితే వేగం తగ్గే రేటు అదే కొలతలో దాదాపు 4 వస్తుంది, అంటే ఆరేడు రెట్లు. కాలు నెమ్మదిగా తోస్తుంది, బ్రేకు గట్టిగా పట్టేస్తుంది. ఆ తేడా అంతా ఈ త్రిభుజంలో ఇమిడిపోయింది. అందుకే నాకీ బండంటే ఇంత ఇష్టం.

ఇంకో లాభం ఉంది. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి, కాబట్టి రెండు వెనక చక్రాలనూ ఒకే ఇరుసుకు బిగించేస్తే బండి మొండికేస్తుంది. మన రిక్షాల్లో సాధారణంగా చైను ఒక్క చక్రాన్నే తిప్పుతుంది, రెండోది ఊరికే దొర్లుతుంది. వెనక ఒకే చక్రం ఉంటే ఆ తంటాయే లేదు. బదులుగా ముందున్న రెండింటినీ తిప్పాలి, అందులోనూ లోపలిది కాస్త ఎక్కువ కోణంలో తిరగాలి. స్టీరింగ్ చేతులను వెనక ఇరుసు మధ్యకు గురిపెట్టి వెల్డింగ్ చేస్తే ఆ తేడా చాలావరకు దానంతటదే వచ్చేస్తుంది.

ఈ పందెపు బండ్లలో కనిపించే, వెనక్కి వాలి తొక్కే సీటుది పాత తగాదా. 1933లో ఫ్రాన్సిస్ ఫోర్, షార్ల్ మోషే కట్టిన అలాంటి సైకిల్ మీద గంటలో 45.055 కిలోమీటర్లు తొక్కి ఆస్కార్ ఎగ్ పేరిట ఉన్న గంట రికార్డును దాటాడు. మరుసటి ఏడే అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య ఆ తరహా సైకిళ్లను పందేల నుంచి వెలివేసింది. అది అన్యాయమనే నా అభిప్రాయం. 1970లలో కాలిఫోర్నియాలో ప్రొఫెసర్ చెస్టర్ కైల్ అలాంటి సైకిళ్లకు మళ్లీ తలుపు తీశాడు, ఆ వెనకే విద్యార్థుల పోటీలొచ్చాయి. మన దేశంలో వెల్లూరు వీఐటీలో ఏఎస్ఎమ్ఈ పోటీలు జరిగాయి. వాహన ఇంజనీర్ల సంఘం ఎస్ఏఈ ఇండియా వారి ఎఫిసైకిల్ పోటీలో ఇద్దరు తొక్కే మూడు చక్రాల బండికి మోటారు కూడా తోడు.

కోల్‌కతాకు మాత్రం ఈ బండి ఇంకా రుణపడే ఉంది. అక్కడ సైకిలుకే దారి దొరకలేదు: 2013లో పోలీసులు 174 రోడ్లలో సైకిళ్లను నిషేధించారు. దుర్గాపూర్‌లోని పరిశోధన సంస్థ సీఎమ్ఈఆర్ఐ 2008లో సోలెక్‌షా అనే సౌర రిక్షా తెచ్చినా అందులోనూ రెండు చక్రాలు వెనకే. ముందు రెండు పెట్టి సవారీని అక్కడే కూర్చోబెట్టడం కుదరని పనేం కాదు. జావా బెచా, వియత్నాం సిక్లో అలాంటివే. కోల్‌కతా పక్కనున్న న్యూ టౌన్‌లో అయితే సైకిల్ దారులున్నాయి. అక్కడొక పోటీ పెట్టాలి. ఇద్దరు సవారీలు, ఒక సామాను మూట, తడి రోడ్డు మీద ఒక మలుపు. తీర్పు చెప్పేది రిక్షా తొక్కేవాళ్లే కావాలి.