పీల్చే బ్రేకు

ఒత్తిడి పాఠం చెబుతుంటే వెనక బెంచీ కుర్రాడు లేచాడు. "సార్, వ్యాక్యూమంటే లోపల ఏమీ లేనట్టేగా. ఏమీ లేంది రైలునెట్టా ఆపుద్ది?"

త్రిపురాంతకం పిల్లాడు అడగదగ్గ ప్రశ్నే. వాళ్ళ తాతలు మార్కాపురం రోడ్డులోనో దొనకొండలోనో ఎక్కిన మీటరు గేజి బండ్లన్నీ ఆ 'ఏమీ లేని' దాంతోనే ఆగేవి. 1880ల్లో వేసిన ఆ లైను నల్లమలను దాటాలి. గిద్దలూరు, దిగువమెట్ట, అడవి, దొరబావి దగ్గర లోయ మీద ఎత్తయిన వంతెన, బొగద సొరంగం, అవతల గాజులపల్లె. ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజన్ పడే అవస్థ గురించి అందరూ చెబుతారు. నా మనసంతా దిగేటప్పుడు పనిచేసే, పెట్టె అడుగున వేలాడే ఇనప సిలిండర్ మీదే.

బండి పొడవునా ఒకటే గొట్టం ఉంటుంది. పెట్టెకీ పెట్టెకీ నడుమ రబ్బరు హోసు. ఆవిరి ఇంజన్లో ఎజెక్టర్ అనే పరికరం ఉండేది. దాని సన్నటి మూతిలోంచి ఆవిరి దూసుకుపోతూ, గొట్టంలోని గాలిని వెంట లాక్కుపోతుంది. గేజి ముల్లు 530 మిల్లీమీటర్ల పాదరసం దగ్గర నిలిచిందంటే గొట్టంలో గాలి పదింట ఏడు వంతులు పోయినట్టే.

ఇప్పుడు సిలిండర్ లోపలికి చూద్దాం. మధ్యలో పిస్టన్. దాని కిందిభాగం గొట్టానికి కలిసి ఉంటుంది. పై భాగానికి ఉన్న దారి ఒక్కటే, దానికి కాపలా చిన్న బంతి. గాలి పీల్చినప్పుడు కింది గాలి నేరుగా పోతుంది, పై గాలి బంతిని తోసుకుని పోతుంది. రెండువైపులా ఖాళీ సమానం కాబట్టి పిస్టన్ తన బరువుకి తానే కిందికి దిగి కూర్చుంటుంది, చక్రాలకి బ్రేకు వదులవుతుంది. డ్రైవరు గొట్టంలోకి బయటి గాలిని వదిలాడనుకోండి. అది పిస్టన్ కిందికి చేరుతుంది. పైకి కూడా పోవాలని చూస్తుంది గానీ ఆ గాలే బంతిని అదిమి దారి మూసేస్తుంది. పైన ఖాళీ, కింద వాతావరణం. అడుగున్నర వ్యాసం ఉన్న పిస్టన్ అనుకుని క్లాసులోనే లెక్క కట్టించాను. దాదాపు 1,180 కిలోల తోపు వచ్చింది. పీల్చేది ఏమీ లేదురా, బయటి గాలే నెడుతుంది అన్నాను.

ఇందులో నాకు నచ్చే తిరకాసు ఏమిటంటే, కష్టమంతా బ్రేకు వదలడానికే. వెయ్యడానికి ఏ యంత్రమూ అక్కర్లేదు, ఒక చిల్లు చాలు. హోసు తెగిందా, బండి రెండు ముక్కలైందా, రెండు ముక్కలూ వాటంతట అవే ఆగుతాయి. మనం లాగే చైను కూడా గొట్టానికి చిన్న చిల్లు తెరవడమే.

మొదట్లో ఇలా లేదు. స్మిత్ పేరుతో వచ్చిన తొలి వ్యాక్యూమ్ బ్రేకులో పీల్చినప్పుడు బ్రేకు పడేది, గాలి చేరితే వదిలేది. 1889 జూన్ 12న ఐర్లండ్‌లోని ఆర్మా దగ్గర సండే స్కూల్ పిల్లలతో విహారానికి బయల్దేరిన రైలు ఎత్తు ఎక్కలేక ఆగింది. బండిని రెండుగా విడదీశారు. హోసు విప్పగానే వెనక పెట్టెల బ్రేకు పోయింది. చక్రాల కింద రాళ్ళు పెట్టినా అవి వెనక్కి జారి, వెనక వస్తున్న బండిని గుద్దుకున్నాయి. 80 మంది చనిపోయారు. ఆ ఏడాదే బ్రిటన్ చట్టం తెచ్చింది: ప్రయాణికుల బండి బ్రేకు, గొట్టం తెగితే తనంతట తానే పడేది అయ్యుండాలి.

అమెరికాలో వెస్టింగ్‌హౌస్ అప్పటికే గాలిని కుక్కి ఆపే బ్రేకు చేశాడు. 1875లో ఇంగ్లండ్‌లోని న్యూవార్క్ దగ్గర జరిగిన పోటీలో ఆయనదే పైచేయి. నిజానికి బలంలో వ్యాక్యూమ్ గెలవలేదు. ఎంత పీల్చినా తేడా ఒక వాతావరణాన్ని మించదు, కుక్కడానికి అలాంటి గిరి లేదు. అయినా నా ఓటు వ్యాక్యూముకే. అప్పటి వెస్టింగ్‌హౌస్ బ్రేకు వదిలితే మొత్తం వదిలేది. వ్యాక్యూమ్‌ను కొంచెం కొంచెంగా సడలించొచ్చు. ఘాట్ దిగే డ్రైవరుకి అంతకంటే ఏం కావాలి?

దానికీ దాని పేచీలున్నాయి. ఇంగ్లండ్‌లో గ్రేట్ వెస్టర్న్ కంపెనీ 25 అంగుళాల దాకా పీల్చేది, మిగతా కంపెనీలు 21తో సరిపెట్టుకునేవి. దారిలో ఇంజన్ మారిస్తే కొత్తది 21 దగ్గరే ఆగేది. సిలిండర్ పైన 25 ఉంది, కింద 21. ఆ నాలుగంగుళాల తేడాకే బ్రేకు పట్టుకుని వదిలేది కాదు. ప్రతి పెట్టె దగ్గరా వైరు లాగి పైభాగంలోకి గాలి వదలాల్సిందే. అసలు వ్యాక్యూమే లేవకపోతే ముందు ఇంజన్‌ను విడిగా పరీక్షిస్తారు. దాని హోసు మూసి, ముల్లు నిలిస్తే దోషం పెట్టెల్లో ఉన్నట్టు. ఆపైన ఒక్కొక్క పెట్టె కలుపుతూ, బుస్సుమనే చోటు చెవితో వెతకడమే.

పొడవాటి గూడ్సులు వచ్చాక గాలి తోక దాకా చేరడం ఆలస్యమై వ్యాక్యూమ్ పక్కకు పోయింది. 1990ల్లో మన లైను బ్రాడ్ గేజి అయింది. దొరబావి పాత వంతెన మీద రైళ్ళు ఆగిపోయాయి.

బంతీ గొట్టమూ మాత్రం ఇంకా బతికే ఉన్నాయి, స్పోర్ట్స్ కార్ల సైలెన్సర్‌లో. కొన్ని కార్వెట్ కార్లలో పొగగొట్టం లోపల రేకు తలుపు ఉంటుంది. ఇంజన్ పీల్పుతో డయాఫ్రం లాగితే తలుపు మూసుకుని చప్పుడు తగ్గుతుంది. పీల్పు పోతే స్ప్రింగు తలుపు తెరుస్తుంది, కారు గర్జిస్తుంది. చల్లగా పోవాల్సిన చోట కూడా గర్జిస్తోందంటే వెతికే తీరు పాతదే. డయాఫ్రం దగ్గర హోసు పీకి గేజి ఉన్న చేతిపంపుతో పీల్చండి. ముల్లు జారితే డయాఫ్రం చిరిగింది. ముల్లు నిలిచి తలుపు మూసుకుంటే తప్పు వెనక్కుంది: హోసు, సోలెనాయిడ్, గాలి వెనక్కి రాకుండా ఆపే చెక్ వాల్వు. ముల్లు నిలిచినా తలుపు కదలకపోతే ఇరుసు వేడికి పట్టేసింది, హోసులు మార్చి లాభం లేదు.