జంట నక్షత్రములు: తరతరముల పని

వివాహవేళ నూతన వధువునకు అరుంధతిని చూపుట మన ఆచారము. వసిష్ఠుని చెంతనున్న ఆ సన్నని చుక్కకు నమస్కరించుటతో మన నక్షత్రదర్శనము ముగియుచున్నది. కాని చిన్న దూరదర్శినితో చూచినచో వసిష్ఠుడే రెండు తారలుగా విడివడును. జంట నక్షత్రములలో మొట్టమొదట ఛాయాచిత్రమునకెక్కినది ఈ వసిష్ఠుడే. 1857లో అమెరికాలోని హార్వర్డు వేధశాలయందు జార్జి బాండు ఆ చిత్రమును తీసెను.

ఇట్టి పరిశోధనలకు ప్రభుత్వముల ధనాగారములే కావలెనా? అక్కఱలేదనుటకు విశాఖపట్టణమే సాక్షి. 1840లో గోడే వెంకట జగ్గారావుగారు తమ గృహావరణముననే, సొంత వ్యయముతో వేధశాలను నెలకొల్పిరి. 1856లో వారు గతించిన పిదప అల్లుడగు అంకితము వెంకట నరసింగరావుగారు దానిని నిర్వహించి, ఆఱంగుళముల దూరదర్శినిని తెప్పించిరి. 1874 డిసెంబరు 9వ తేదీన సూర్యబింబమును శుక్రుడు దాటుటను పరిశీలించిరి. వారు 1892లో దివంగతులైరి. ఆ కుటుంబపు పేరు ఏ.వి.ఎన్. కళాశాలయందు నిలిచినది, వేధశాల మాత్రము నిలువలేదు.

ఈ లోటు జంట నక్షత్రముల విషయమున మిక్కిలి బాధాకరము. వేసవి తొలిరాత్రులలో విశాఖనుండి ఉత్తరమున వసిష్ఠుడు కనబడుచుండగా, దక్షిణమున దిఙ్మండలమునకు సుమారు 11 డిగ్రీల ఎత్తున ఆల్ఫా సెంటారీ వెలుగుచుండును. అది జంట యని 1689లో పుదుచ్చేరినుండి ఫాదర్ రిషో కనుగొనెను. ఆ తారలు ఒకదానినొకటి చుట్టివచ్చుటకు సుమారు 80 సంవత్సరములు పట్టును. తాత కొలిచిన దానిని మనుమడు సరిచూచిననే గాని ఆ కక్ష్య తెలియదు.

నేడు పని సులభమైనది. దూరదర్శినికి కెమెరా నమర్చి, గాలి చలనమువలన చెదరిన చిత్రములను విడిచి, నిశ్చలమైనవానిని కూర్పవలెను. దూరదర్శినిని కదలనీయక నిలిపినచో తార పడమటికి జరిగిపోవును. దానినిబట్టి దిక్కు తెలియును. పిదప తారల నడిమి ఎడమును, ఉత్తరమునుండి వాని కోణమును కొలిచి, తేదీతో వ్రాసియుంచవలెను. ప్రకాశవంతములగు జంటలకు పట్టణపు దీపములు సైత మంతగా అడ్డుపడవు.

భూవసతియు తీరికయు గల గృహస్థులారా! పెరటిలో దూరదర్శిని నుంచుట వేడుక మాత్రమే. కొలతల పుస్తకము నొక కళాశాలకో గ్రంథాలయమునకో అప్పగించి, తమ తరువాత దానిని కొనసాగించువానిని తయారుచేయుట దేశసేవ. జగ్గారావుగారికి అల్లుడు దొరకెను. మన పనికి వారసు డెవడో మనమే ఇప్పుడు నిర్ణయింపవలెను.