మగ్గం మోతకి అడుగు కలిపి...

కుక్కర్ విజిల్ కోసం ఎదురుచూస్తూ వంటింటి గచ్చు మీద మీరెప్పుడైనా కాలితో తాళం వేశారా? నేను వేస్తుంటాను. సరిగ్గా అలాంటి అలవాటే ఒకచోట పెరిగి పెద్దదై నాట్యమైందంటే నమ్ముతారా? అదే ఇంగ్లండులోని లాంకషైర్ క్లాగ్ డాన్స్.

క్లాగ్ అంటే చెక్క అడుగున్న బూటు. మన పావుకోళ్లలా మొత్తం చెక్క కాదు. కింద చెక్క, పైన తోలు. అరిగిపోకుండా అడుగున గుర్రానికి లాడం కొట్టినట్టు ఇనుప పట్టీలు కొట్టేవారు. పందొమ్మిదో శతాబ్దంలో అక్కడి పత్తి మిల్లుల కూలీలు ఎక్కువగా తొడుక్కున్నవి ఇవే. నూలు తెగకూడదని నేత షెడ్లలో గాలిని ఎప్పుడూ చెమ్మగా ఉంచేవారు మరి! ఆ తడికీ, నేల చలికీ తట్టుకునేది ఈ చెక్కబూటే.

వందల మగ్గాలు ఒక్కసారిగా ఆడుతుంటే పక్కమనిషి మాట వినిపించదు. పెదాల కదలికని బట్టే ఒకరి మాట ఒకరు పోల్చుకునేవారు. ఇక నోటికి తగ్గిన పని కాళ్లకి పెరిగిందేమో! గంటలకొద్దీ నిలబడ్డవాళ్లు నాడె మోతకి తగ్గట్టు మడమా, మునివేళ్లూ ఆడించేవారనీ, ఈ నాట్యానికి లయ అక్కణ్ణించే వచ్చిందనీ చెబుతారు.

ఇందులో హస్తాలు లేవు, అభినయం లేదు. నడుం పైభాగం దాదాపు కదలదు. కథంతా పాదాలదే. అందుకే పోటీల్లో న్యాయనిర్ణేతలు స్టేజీ కింద కూర్చుని, చూడకుండా చప్పుడు విని మార్కులేసేవారట!

1880లో లీడ్స్ నగరంలో జరిగిన పోటీలో గెలిచి డాన్ లీనో ప్రపంచ ఛాంపియన్ అనిపించుకున్నాడు. మన చార్లీ చాప్లిన్ కూడా చిన్నప్పుడు 'ఎయిట్ లాంకషైర్ లాడ్స్' అనే క్లాగ్ బృందంలోనే ఆడాడు. ఇంగ్లిషు, ఐరిష్ అడుగులు సముద్రం దాటి అమెరికాలో నల్లజాతివారి లయతో కలిస్తే ట్యాప్ డాన్స్ అయింది. 1994లో డబ్లిన్ యూరోవిజన్ వేదిక మీద 'రివర్‌డాన్స్'తో లోకాన్ని ఊపేసిన ఐరిష్ స్టెప్ డాన్స్ కూడా దీనికి దగ్గర చుట్టమే.

పేరొచ్చింది ఎక్కువగా మగవాళ్లకే. కానీ ఆ మగ్గాల దగ్గర నిలబడ్డవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు! స్టేజీలు సినిమాహాళ్లయ్యాక కూడా అడుగులు ఇళ్లలో బతికాయి. పాట్ ట్రేసీ అనే లాంకషైర్ మహిళ ఇంట్లోవాళ్ల దగ్గర నేర్చుకున్న అడుగుల్ని పదిమందికీ నేర్పి నిలబెట్టింది.

ఆ మిల్లుల బట్టే మన నేతగాళ్ల పొట్ట కొట్టింది. నిజమే. అయినా 1931లో గాంధీగారు లాంకషైర్‌లోని డార్వెన్ వెళ్తే, విదేశీ వస్త్ర బహిష్కరణ దెబ్బ తగిలిన ఆ మిల్లుల ఆడవాళ్లే ఆయన చుట్టూ చేరి జేజేలు కొట్టారు. ఆ ఫొటో చూసినప్పుడల్లా నాకు వాళ్ల మొహాలతోపాటు కాళ్లూ చూడాలనిపిస్తుంది.

పని పోయినా అడుగు మిగుల్చుకున్నారు వాళ్లు. మరి మనం? రోకలి పోయింది, దంపుళ్ల పాట కూడా దాంతోనే పోయింది. మా అమ్మమ్మకి బోలెడు పాటలొచ్చు. అడిగి రాసుకోవాలని నాకు బుద్ధి పుట్టేసరికి ఆవిడ లేదు.

మీ ఇంట్లో అలాంటి పెద్దావిడ ఉంటే, ఈ ఆదివారం టీవీ కట్టేసి ఓ పాట పాడించుకోండి. పక్కన కాగితం, కలం పెట్టుకోవడం మర్చిపోకండేం!