సొంత పొలంలో మట్టికట్ట – వన్యప్రాణుల కుంట

పొలం పల్లంలో రైతు వేసుకున్న చిన్న మట్టికట్ట వెనుక నీరు నిలిస్తే, కొద్దికాలంలోనే అది కప్పలకు, తూనీగలకు, కొంగలకు, నీటికోళ్లకు నెలవవుతుంది. అయితే ఆ నీటిని ఆశ్రయించే ప్రాణులలో కొన్ని కట్టకే చేటు తెస్తాయి. పందికొక్కులు, ఎండ్రకాయలు బొరియలు చేస్తాయి. కట్టపై పెరిగిన చెట్టు చనిపోతే కుళ్లిన వేళ్ల వెంట నీటికి దారి ఏర్పడుతుంది. సన్నని ఊట క్రమంగా గండిగా మారితే నష్టపోయేది దిగువనున్న పొరుగు రైతు.

ఈ ఎరుక మనకు కొత్తది కాదు. కడప ప్రాంతంలోని పోరుమామిళ్ల చెరువు శాసనం (1369) చెరువుకు 12 అంగాలను, 6 దోషాలను పేర్కొన్నది. కట్ట నుండి నీరు ఊరడం ఆ దోషాలలో ఒకటి.

ఊటను అరికట్టడం పునాదితోనే మొదలవుతుంది. గడ్డిని, వేళ్లను తొలగించి, గట్టి నేల తగిలే వరకు కందకం తీసి బంకమట్టితో నింపాలి. కట్ట మట్టిని 15–20 సెం.మీ. పొరలుగా పోసి, తగిన తేమతో దిమ్మిస చేయాలి. నల్లరేగడి ఎండితే నెర్రెలిస్తుంది కనుక పైన మొరం కప్పి గరిక పెంచాలి. కట్టపై చెట్లను పెరగనీయరాదు.

అంతకన్న ముఖ్యమైనది అలుగు. 10 హెక్టార్ల పరీవాహక ప్రాంతం నుండి 5 సెం.మీ. లోతు నీరు పారితే 5,000 ఘనపు మీటర్లు చేరుతుంది. 2 మీటర్ల లోతున 2,500 చదరపు మీటర్ల కుంట నిండడానికి అది చాలు. ఆపై వచ్చే వరద అలుగు మీదుగానే పోవాలి. కట్ట పక్కన, కదల్చని గట్టి నేలలో అలుగును ఏర్పరచాలి. నిల్వ పెంచేందుకు ఇసుక బస్తాలు అడ్డువేస్తే వరద కట్టపైకెక్కి దానిని కోసివేస్తుంది.

వన్యప్రాణులకు కావలసిన వసతిని కట్టకు దూరంగా, కుంట ఎగువ అంచున కల్పించాలి. అక్కడ ఒడ్డును ఏటవాలుగా ఉంచి, ముంపును తట్టుకొనే నల్లతుమ్మను నాటవచ్చు. చేపలు తోకకప్పలను తింటాయి కనుక వాటిని వదలకపోవడం మేలు. నడుమ మెట్ట ఉండటాన్ని కూడా పోరుమామిళ్ల శాసనం దోషంగానే లెక్కించింది. సాగునీటి చెరువులో అది నిల్వను తగ్గిస్తుంది. పక్షుల కుంటలో ఆ దిబ్బే గూళ్లకు రక్షణ.

ప్రతి పెద్ద వాన తరువాత కట్ట వెలుపలి అడుగును పరిశీలించాలి. ఊట నీరు తేటగా ఉంటే గమనిస్తూ ఉండాలి. మట్టిరంగుకు మారితే కట్ట లోపల కోత మొదలైనట్లే. తక్షణమే తూము తెరిచి నీటిమట్టాన్ని తగ్గించి, దిగువవారిని హెచ్చరించాలి.