ఇనుప ఉంగరానికి ముద్ర ఏదీ?

శనివారం వచ్చిందంటే ఉత్తరాదిన శనీశ్వరాలయాల ముంగిట నూనె సీసాలు, నల్ల నువ్వులతోపాటు ఇనుప ఉంగరాలు కూడా అమ్మకానికి వస్తాయి. చూపునకు అన్నీ ఒకటే. అమ్మకందారు మాత్రం వాటిని రెండు రాశులుగా విడదీసి చూపుతాడు. ఒకటి నల్ల గుర్రపు నాడాతో చేసినవి. రెండవది పాత పడవ నుంచి ఊడదీసిన మేకుతో చేసినవి. ఏలినాటి శని పట్టినవారు ఇటువంటి ఉంగరాన్ని మధ్యవేలికి ధరిస్తే పీడ తగ్గుతుందని నమ్మకం. మందపల్లిలో తైలాభిషేకం చేయించే తెలుగువారికి శనికీ ఇనుముకూ గల సంబంధం విదితమే.

ఒక ఉంగరానికి పట్టే ఇనుము కొద్ది గ్రాములు మాత్రమే. తుక్కు ధరన లెక్కిస్తే అది అర్ధరూపాయి కూడా పలకదు. కొనుగోలుదారు చెల్లించే మిగతా సొమ్మంతా ఆ లోహం గడిపిన గతానికి. అయితే ఆ గతం నిజమేనని చెప్పగల ఆధారమే ఎక్కడా కనబడదు.

గుర్రాలేవీ, పడవలేవీ?

గిట్ట పెరిగినకొద్దీ గుర్రానికి ఆరు నుంచి ఎనిమిది వారాలకు ఒకసారి నాడాలు మార్చవలసి ఉంటుంది. జట్కాలు, టాంగాలు తిరిగిన కాలంలో అరిగిన నాడాలకు కొదవ లేదు. ఇప్పుడు నగరాలలో గుర్రపు బళ్లు అరుదైపోయాయి. ముంబయిలో విహారానికి నడిపే విక్టోరియా బళ్లు చట్టవిరుద్ధమని 2015లో బొంబాయి హైకోర్టు తీర్పు చెప్పింది. ఉత్తరాది పెళ్లి ఊరేగింపులలో వరుడు ఎక్కేది సాధారణంగా తెల్లని ఆడగుర్రం. తీరప్రాంతాలలో అనేకచోట్ల కర్ర పడవల స్థానాన్ని ఫైబర్ గ్లాస్ పడవలు ఆక్రమించాయి. అయినా ఉంగరాల రాశులు మాత్రం తరగడం లేదు. మామూలు ఇనుప కడ్డీని వంచి చేసినా తేడా కనిపెట్టడం సామాన్యునికి సాధ్యం కాదు.

విక్రాంత్ కథ వేరు

పాత లోహపు గతానికి వెలకట్టే తీరు ఆలయ వీధులకే పరిమితం కాలేదు. 1971 యుద్ధంలో పాల్గొన్న విమానవాహక నౌక ఐఎన్ఎస్ విక్రాంత్ 1997లో విధుల నుంచి విరమించింది. 2014లో వేలం ముగిశాక ముంబయిలో దానిని విడగొట్టారు. ఆ లోహాన్ని పెట్రోలు ట్యాంకులో వాడినట్లు ప్రకటిస్తూ బజాజ్ ఆటో సంస్థ 2016లో ‘వి’ మోటారు సైకిలును విడుదల చేసింది. వేలం బహిరంగంగా జరిగినందున ఆ లోహం ఎక్కడి నుంచి బయలుదేరిందో దేశమంతటికీ తెలుసు. గుజరాత్‌లోని అలంగ్ తీరంలో 1983 నుంచి విడగొడుతున్న ఓడల ఉక్కుకు ఇటువంటి పేరు దక్కదు. అందులో అధికభాగం రోలింగ్ మిల్లులకు, కొలుములకు చేరి కడ్డీలుగా మారుతుంది. కరిగి ఇతర తుక్కుతో కలిసిన తరువాత ఏ ముక్క ఏ ఓడదో చెప్పగలవారు ఉండరు.

తెలియని గతంతో ముప్పు

పుట్టుక తెలియని లోహంతో నష్టం డబ్బుకే పరిమితం కాదు. 2010 ఏప్రిల్‌లో ఢిల్లీలోని మాయాపురి తుక్కు బజారులో పలువురు రేడియోధార్మికతకు గురికాగా, ఒక కార్మికుడు మరణించాడు. ఢిల్లీ విశ్వవిద్యాలయం వేలంలో అమ్మివేసిన పాత పరికరంలోని కోబాల్ట్-60 ఇందుకు కారణమని తేలింది. ఇటువంటి పదార్థం కొలిమిలో పడితే కరిగిన ఉక్కు అంతటా వ్యాపిస్తుంది. కంటికి కనబడదు, వాసన రాదు.

ఉంగరాల విషయంలోనూ ఇటువంటి ప్రమాదం జరగకపోలేదు. అమెరికాలో క్యాన్సర్ చికిత్స కోసం రాడాన్ వాయువును నింపి వాడిన సన్నని బంగారు గొట్టాలు తుక్కులో కలిసి నగలుగా మారాయి. 1981లో న్యూయార్క్ రాష్ట్రంలో జరిపిన తనిఖీలలో అటువంటి ఉంగరాలు బయటపడ్డాయి. వాటిని ఏళ్ల తరబడి ధరించిన కొందరి వేళ్లకు క్యాన్సర్ సోకింది.

స్వచ్ఛతకే ముద్ర

మన దేశంలో బంగారు నగలకు 2000లో, వెండికి 2005లో హాల్‌మార్క్ విధానం ప్రారంభమైంది. 2021 జూన్ నుంచి దశలవారీగా బంగారు నగలకు ఇది తప్పనిసరి అయింది. కాని హాల్‌మార్క్ చెప్పేది లోహం స్వచ్ఛతను మాత్రమే. అది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పదు. ఇనుము, స్టెయిన్‌లెస్ స్టీలు, టైటానియం ఉంగరాలకు ఆ మాత్రపు ముద్ర కూడా లేదు. నికెల్ పడనివారికి కొన్ని మిశ్రమ లోహాల వల్ల వేలిపై దద్దుర్లు లేచే అవకాశమున్నా, ఉంగరంలో ఏమేమి కలిశాయో తెలుసుకునే మార్గం కొనుగోలుదారుకు ఉండదు.

నమ్మకం ఎవరికి వారిది. నాడా ఉంగరమే కావాలనుకునేవారికి మాత్రం పాత పద్ధతి ఒకటి మిగిలి ఉన్నది. గుర్రాలకు నాడాలు కొట్టే పనివాని వద్దకు వెళ్లి, అరిగిన నాడాను కళ్లెదుటే ఊడదీయించి, కమ్మరి చేత ఉంగరం చేయించుకోవడమే అది. ముద్ర లేని లోహానికి కొన్నవాని కళ్లే సాక్ష్యం.